జిరాయితీ భూమిలో మడ, తోపు, చిట్టడవి కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో కాట్రేనికోన, ఐ.పోలవరం, తాళ్ళరేవు, అల్లవరం, సఖినేటిపల్లి వైపు ఏటి పక్కనో సముద్రం పక్కనో జిరాయితీ (సొంత పట్టా) భూమి ఉండి, అందులో మడ (ఉప్పునీటి అంచున పెరిగే మాంగ్రోవ్ చెట్లు) గానీ వేరే చెట్లు గానీ మిగిలి ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి. చాలామంది అడిగేది చివరికి ఒకటే: "నేనున్నంతకాలం రొయ్యల చెరువు తవ్వనివ్వను, నా తర్వాత కూడా ఎవరూ తవ్వకుండా కాగితం రాయొచ్చా?" రాయొచ్చు. అమెరికాలో ఇలాంటి కాగితాన్ని కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. ఇక్కడ అక్కడ ఉన్నంత తేలికగా కాదు, ఒక్క కాగితంతో అయ్యేదీ కాదు. ఇక్కడ చదివింది మీ పొలానికి ఎంతవరకు సరిపోతుందో, రిజిస్టర్ చేయించే ముందు సివిల్ కేసులు చూసే వకీలుతో ఒకసారి మాట్లాడుకోండి.

కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే ఏంటి?

కోనసీమ వాళ్ళకి ఇది చెప్పడం సులువు. మన కొబ్బరి తోటల కింద నుంచి గ్యాస్ పైపులైన్లు వెళ్ళాయి కదా. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద ఆ స్ట్రిప్ మేరకు వాళ్ళు తీసుకున్నది భూమిని కాదు, వాడుకునే హక్కుని. పాసు పుస్తకం మీ పేరునే ఉంటుంది, భూమిని మీరు అమ్ముకోవచ్చు కూడా, కానీ ఆ స్ట్రిప్ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొన్నవాడికీ అదే కట్టుబాటు. కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ కూడా అలాంటి కట్టుబాటే. తేడా ఏంటంటే ఇది ఎవరూ మీ మీద రుద్దరు, మీ అంతట మీరు రాసిస్తారు, అదీ చెట్లు ఉంచడం కోసం. భూమి మీది. దాన్ని నరికే, తవ్వే, ప్లాట్లు వేసే హక్కు మాత్రం వదులుకుంటారు. మీరు మాట మీద నిలబడుతున్నారా లేదా అని చూసే హక్కు ఇంకొకరికి ఇస్తారు.

అమెరికాలో మా వదిన వాళ్ళు వాళ్ళ అడవి భూమికి ఇలాగే రాశారు. అదే పత్రం తెలుగులో రాయించి ఇక్కడ రిజిస్టర్ చేస్తే చాలదా?

చాలదు. అక్కడ దానికంటూ చట్టాలున్నాయి. మామూలుగా ఈజ్‌మెంట్ ఒక పొలానికి ఇంకో పొలం మీద ఉండే హక్కు. పొలం లేని సంస్థ చేతిలో అలాంటి హక్కు పెడితే కోర్టులో నిలబడుతుందా అనే అనుమానం వాళ్ళకీ ఉండేది. అది పోవడానికి 1981లో యూనిఫాం కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ యాక్ట్ అని ఒక నమూనా చట్టం తయారైంది, రాష్ట్రాలు దాన్నో దానిలాంటివో చేసుకున్నాయి. కాబట్టి అక్కడ పక్కన సెంటు భూమి లేని ల్యాండ్ ట్రస్టు కూడా ఆ హక్కుని శాశ్వతంగా పట్టుకోగలదు. శాశ్వతంగా దానం చేస్తే కేంద్ర ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. అడవి భూములకైతే 1990 నుంచి ఫారెస్ట్ లెగసీ అనే ప్రభుత్వ పథకం కింద డబ్బిచ్చి కూడా కొంటారు.

మనకున్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి మొదటి నుంచీ మనకి అమల్లో ఉన్న చట్టమే. దాని నాలుగో సెక్షన్ ప్రకారం ఈజ్‌మెంట్ ఒక భూమి యజమానికి, ఆ భూమి మేలు కోసం, వేరేవాళ్ళ భూమి మీద ఉండే హక్కు. రెండు భూములు ఉండి తీరాలి. ఊరూపేరూ లేని సంస్థ ఏదైనా వచ్చి "మీ అడవికి ఈజ్‌మెంట్ సర్టిఫికెట్ ఇస్తాం" అని ఫీజు అడిగితే ఇవ్వకండి. అలాంటి సర్టిఫికెట్‌కి మన చట్టంలో విలువ లేదు.

అసలు డెల్టాలో ప్రైవేటు అడవి ఎక్కడుంది? కోరంగి అంతా గవర్నమెంటుదే కదా?

కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235.70 చదరపు కిలోమీటర్లు, అది అటవీ శాఖది. దాని అంచున, ఏటి పాయల వెంట ఉన్న పట్టా భూముల సంగతి వేరు. తొంభైల మొదట్లో రొయ్యల చెరువుల జోరు మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి ఎంతోమంది చెరువులు వదిలేశారు. అలా వదిలేసిన చోట్ల గట్టు తెగి పోటు నీళ్ళు ఆడటం మొదలైతే మడ, తిల్ల వాటంతటవే మొలుస్తాయి. ఇక లంకల్లో తాతల నాటి తోపులు, మెరకల మీద వేప, రావి, తాడి, పొదలు కలిసి పెరిగిన చిన్న చిన్న ముక్కలు ఉంటాయి. ఒక్కోటి ఎకరమో రెండో, అయినా నీటిపిల్లికి, నీటికుక్కకి, కొంగలకి ఆ ముక్కే ఇల్లు.

సరుగుడు తోట ఈ లెక్కలోకి రాదు. అది పంట, నాలుగైదేళ్ళకి కొడతారు.

మరి మన చట్టంలో కుదిరే దారి ఏంటి?

నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది పక్క పొలం దారి. మీ మడ ముక్క వెనకాల ఇంకొకరి కొబ్బరి తోటో, వరి చేనో, ఇల్లో ఉంటుంది. మడ ఉన్నంతకాలం తుపాను గాలి, ఉప్పెన ముందు దానికి తగిలి కొంత బలం తగ్గాకే వాళ్ళ మీదకి వస్తాయి. అక్కడ రొయ్యల చెరువు పడితే వాళ్ళ బోరు నీళ్ళు ఉప్పగా మారతాయి, వరి పాడవుతుంది. 1996 నవంబర్ 6 తుపాను చూసినవాళ్ళకి మడ విలువ వేరే చెప్పక్కర్లేదు. అంటే మీ చెట్ల వల్ల పక్క పొలానికి మేలు ఉందని చూపించడం కష్టం కాదు. పైగా నాలుగో సెక్షన్‌లో "మేలు" అంటే ఎప్పుడో అక్కరకొచ్చే సౌకర్యం, దూరపు లాభం, ఆఖరికి ఆహ్లాదం కూడా అని చట్టమే విడమర్చి చెప్పింది.

కాబట్టి మీరు పక్క రైతుకి ఒక పత్రం రాసిస్తారు: నా ఫలానా సర్వే నంబరు భూమిలో చెరువు తవ్వకుండా, చెట్లు కొట్టకుండా, కాలువ పూడ్చకుండా ఆపే హక్కు నీ ఫలానా సర్వే నంబరు భూమికి ఉంది అని. ఒక పని జరగకుండా ఆపే హక్కు కూడా ఈజ్‌మెంటే. దాన్ని శాశ్వతంగా ఇవ్వొచ్చు, ఇన్నేళ్ళకని గడువు పెట్టి ఇవ్వొచ్చు. ఆయన తోట అమ్మితే హక్కు ఆ తోటతో పాటే కొన్నవాళ్ళకి వెళ్తుంది. మీరు మడ అమ్మినా కట్టుబాటు మడతో పాటే వెళ్తుంది. ఇద్దరు ముగ్గురు పక్క రైతులకి విడివిడిగా రాసిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఒకరు డబ్బు తీసుకుని హక్కు వదులుకున్నా మిగతావాళ్ళది ఉంటుంది.

పక్క పొలం కూడా మాదే అయితే?

అప్పుడు ఈజ్‌మెంట్ పుట్టదు. మీ భూమి మీద మీకే హక్కు రాసుకోలేరు. రెండూ తర్వాత ఒకే మనిషి చేతికి వచ్చినా ఉన్న ఈజ్‌మెంట్ పోతుంది, 46వ సెక్షన్ అదే చెబుతుంది. రొయ్యల వ్యాపారి ఎవరైనా రెండు పక్కలా కొనేస్తే మీ కాగితం ఎగిరిపోతుందన్న మాట, ముగ్గురికి విడివిడిగా రాయమనడానికి ఇది రెండో కారణం.

అమ్మేటప్పుడే "చెట్లు కొట్టకూడదు" అని షరతు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఒక మెలిక ఉంది. ఆస్తి బదిలీ చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం "నువ్వు ఎవరికీ అమ్మకూడదు" అనే షరతు చెల్లదు. 11వ సెక్షన్ ప్రకారం పూర్తిగా అమ్మేసిన భూమిని ఇలాగే వాడుకోవాలనే షరతు కూడా మామూలుగా చెల్లదు. కానీ అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది: మీ దగ్గర మిగిలిన ఇంకో ముక్క మేలు కోసం పెట్టిన షరతు నిలబడుతుంది. అందుకని మొత్తం అమ్మేయకండి. పక్కనే పది ఇరవై సెంట్లయినా మీ పేరున ఉంచుకుని, దాని మేలు కోసం ఈ షరతు అని దస్తావేజులో స్పష్టంగా రాయించండి.

40వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది. ఫలానా పని చేయకూడదు అనే షరతు, దాని గురించి తెలిసి కొన్నవాడిని కట్టేస్తుంది. తెలియక డబ్బిచ్చి కొన్నవాడిని కట్టేయదు. "ఏటా వంద మొక్కలు నాటాలి" లాంటి షరతైతే తర్వాత కొన్నవాడి మీద నిలబడటం కష్టం. కాబట్టి రాసేటప్పుడు "చేయాలి"లు తగ్గించి "చేయకూడదు"లు పెట్టుకోండి.

పత్రంలో ఏమేం ఉండాలి?

దీని దగ్గర తొందరపడకండి. పది చోట్ల తొమ్మిది చోట్ల పని చెడేది షెడ్యూల్ (భూమి హద్దులు, కొలతలు రాసే భాగం) దగ్గరే. "తూర్పు: ఏరు" అని రాసేస్తారు. ఏరు పదేళ్ళకి అక్కడ ఉండదు, అప్పుడు హద్దు ఎక్కడో ఎవరూ చెప్పలేరు. ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ కొలతల పుస్తకంలో) ఉన్న రాళ్ళ నుంచి కొలతలు వేయించండి, మూలల దగ్గర జీపీఎస్ రీడింగులు రాయించండి, సర్వేయరు స్కెచ్ జత చేయించండి. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి ఉంటే కొత్త ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చిన భూమి ముక్క) నంబరు, పాత సర్వే నంబరు రెండూ వేయించండి. మీ భూమిదీ, మేలు పొందే పక్క భూమిదీ రెండు షెడ్యూళ్ళూ ఉండాలి, లేకపోతే రేపు ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసినప్పుడు మీ నంబరు మీద ఈ పత్రం కనపడదు. ఈసీలో కనపడని పత్రం గురించి నాకు తెలియదని కొన్నవాడు అనేస్తాడు. రిజిస్టర్ అయిన నెలకి మీరే ఈసీ తీసి చూసుకోండి.

రెండోది నీళ్ళు. మడ చుట్టూ బురదలోంచి వేళ్ళు పైకి, వేలెడంత ఎత్తున, వందల కొద్దీ పొడుచుకొచ్చి ఉంటాయి. చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. పోటుకి మునిగి, పాటుకి తేలితేనే అవి బతుకుతాయి. ఎవరైనా కాలువ మూతి దగ్గర రెండు ట్రక్కుల మట్టి పోస్తే లోపల నీళ్ళు నిలిచిపోయి వేళ్ళు కుళ్ళి, కత్తి పెట్టకుండానే మొత్తం మడ చచ్చిపోతుంది. కొన్నాళ్ళు ఆగి "ఎండిపోయిన చెట్లేగా" అని కొట్టేస్తారు. అందుకని నీటి దారి పూడ్చకూడదు, గట్టు వేసి మళ్ళించకూడదు, చెరువు మురుగు లోపలికి వదలకూడదు అనేవి చెట్లు కొట్టకూడదు అనే వాక్యం కంటే ముందు రాయండి. నీళ్ళు ఆడక చచ్చిన మడని తిరిగి తెచ్చే పద్ధతి ఉంది: స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తీసి, పోటు నీళ్ళు లోపలికి పారించి మొక్కలు నాటారు. అలాంటి పనికి అనుమతి ఉంటుందని కూడా పత్రంలో ఒక ముక్క రాసి ఉంచండి, లేకపోతే తవ్వకూడదన్న మీ షరతే రేపు బాగుచేసే పనికి అడ్డం పడుతుంది.

రాసిన రోజు నాటికి భూమి ఎలా ఉందో ఫోటోలు, చెట్ల రకాలు, కాలువ మూతులు ఎక్కడున్నాయో ఒక రికార్డు తయారుచేసి ఇద్దరూ సంతకాలు పెట్టి జతచేయండి. అమెరికాలో ఇది లేకుండా ఏ ల్యాండ్ ట్రస్టూ ముందుకు కదలదు. మనం తప్పకుండా తెచ్చుకోవాల్సిన అలవాటు ఇది.

కట్టెలు, తేనె, పీతలు? మా మడలోకి వేటకి వచ్చేవాళ్ళు ఉన్నారు.

వాళ్ళని వదిలేసి పత్రం రాయకండి. తరాలుగా ఆ కాలువలో పడవ తిప్పి, పీతలు పట్టి బతికే కుటుంబాలకి ఆచారం వల్ల వచ్చిన హక్కులు ఉండొచ్చు, ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ వాటిని గుర్తిస్తుంది. అవి లేకపోయినా ఆ మడని రోజూ చూసేది వాళ్ళే, పొక్లెయిన్ వచ్చిందని మీకు ముందు ఫోన్ చేసేదీ వాళ్ళే. ఎండు పుల్లలు ఏరుకోవచ్చు, పీతలు పట్టుకోవచ్చు, పడవ వెళ్ళొచ్చు, పచ్చి చెట్టు మాత్రం కొట్టకూడదు అని విడివిడిగా రాయండి. ఇక మీ అవసరానికి మీరు కొట్టుకునే చెట్టుకైనా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద, మినహాయింపు ఉన్న రకాలు కాకపోతే, అనుమతి తీసుకోవాలి.

కమ్యూనిటీ రిజర్వ్ అంటున్నారు, అదేంటి?

వన్యప్రాణి రక్షణ చట్టంలో 36సి సెక్షన్ కింద వచ్చేది. ఒక ఊరు గానీ ఒక వ్యక్తి గానీ ముందుకొచ్చి తమ భూమిని వన్యప్రాణుల కోసం కాపాడతామంటే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కమ్యూనిటీ రిజర్వ్‌గా నోటిఫై చేయొచ్చు. ఇది 2002 సవరణతో వచ్చింది. భూమి మీ పేరునే ఉంటుంది. కానీ ఆ తర్వాత భూ వినియోగం మార్చాలంటే కమిటీ తీర్మానం, దానికి ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. ప్రైవేటు భూమి అయితే కమిటీలో యజమాని, అటవీ శాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉండాలని 2022 సవరణ చెప్పింది. కేరళలో కడలుండి దగ్గర మడ ఉన్న ఏటి ముఖద్వారాన్ని, కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు కొంగల ఊరిని ఇలాగే ప్రకటించారు.

పది పదిహేను మంది పట్టా భూములు ఒకే పాయ వెంట కలిసి ఉంటే ఇది మంచి దారి. ఒక్క ఎకరానికి మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగలేక అలిసిపోతారు, పక్క పొలం పత్రంతో మొదలుపెట్టండి.

కొల్లేరులో లాగా మా పొలం కూడా ఇరుక్కుపోదా?

ఈ భయం న్యాయమైనదే. కొల్లేరులో 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించినప్పుడు జిరాయితీ భూములు కూడా లోపల పడ్డాయి, 2006లో చెరువులు కొట్టేశారు, నష్టపరిహారం గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. అక్కడ ప్రకటన ప్రభుత్వం పైనుంచి చేసింది. కమ్యూనిటీ రిజర్వ్ మీరు ముందుకొస్తేనే. అయినా ఒకసారి నోటిఫై అయ్యాక "నాకు వద్దు" అని మీ అంతట మీరు బయటికి రాలేరు. పిల్లల చదువుకో పెళ్ళికో ఆ భూమి మీద ఆధారపడి ఉన్నవాళ్ళు ఇందులోకి వెళ్ళొద్దనే నేను చెబుతాను.

చెట్లు బాగా పెరిగితే ఫారెస్టు వాళ్ళు తీసేసుకుంటారా?

తీసుకోరు. 1996 డిసెంబర్‌లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు యజమాని ఎవరైనా సరే, అడవి అనే మాటకి నిఘంటువులో ఉన్న అర్థంలో అడవైతే అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2023 సవరణ దాన్ని కుదించబోతే 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పాత అర్థాన్నే కొనసాగించమంది. దీని వల్ల మారేది వాడకం, యాజమాన్యం కాదు. చెట్లు ఉంచాలనుకునేవాళ్ళకి దీనితో ఇబ్బంది లేదు.

మాది డి-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) లంక భూమి. రాయొచ్చా?

ముందు ఆగండి. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది, తర్వాత సవరణలు వచ్చాయి. మీ నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో) ఉంటే సబ్ రిజిస్ట్రార్ పత్రం తీసుకోరు. అమ్మే హక్కు లేని భూమి మీద శాశ్వత ఈజ్‌మెంట్ ఇచ్చే హక్కు కూడా ఉండదు. అడంగల్, 1-బి (రెవెన్యూ రికార్డులు), పాత పట్టా తీసుకుని వెళ్ళి మీది ఏ రకమో తేల్చుకున్నాకే మిగతాది.

ఉమ్మడి ఆస్తి. తమ్ముడు, నేను సంతకం పెడితే సరిపోతుందా?

అక్కచెల్లెళ్ళ సంతకాలు కూడా కావాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వాళ్ళని అడక్కుండా రాసిన పత్రం కోర్టులో ఎగిరిపోవడం ఒక ఎత్తు, మంచి పని పేరుతో ఇంట్లో మాటలు లేకుండా పోవడం ఇంకో ఎత్తు. భూమి మీద బ్యాంకు లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కూడా తీసుకోండి, లేకపోతే రేపు వేలం వేస్తే తాకట్టుదే ముందు హక్కు.

ట్రస్టుకి రాసిచ్చేస్తే?

పిల్లలు లేనివాళ్ళకి, పిల్లలు భూమి వద్దన్నవాళ్ళకి బాగుంటుంది. మామూలుగా ఆస్తిని తరాల తరబడి కట్టిపడేయడం చెల్లదు, ప్రజలకి మేలు చేసే పనికి ఇచ్చినప్పుడు మాత్రం ఆస్తి బదిలీ చట్టం 18వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ట్రస్టీల్లో కనీసం ఒకరు ఆ ఊరివాళ్ళు ఉండేలా చూడండి.

పన్ను తగ్గుతుందా? డబ్బేమైనా వస్తుందా?

అమెరికాలో లాంటి మినహాయింపు ఇక్కడ లేదు. విరాళాల మీద వచ్చే పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) కూడా డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, భూమికో హక్కుకో కాదు. భూమి ధర తగ్గుతుంది, రొయ్యల కౌలు పోతుంది. కార్బన్ క్రెడిట్ల పేరుతో ఎకరానికి ఇంత ఇస్తామని తిరిగే ఏజెంట్ల మాట నమ్మి దీర్ఘకాలం లీజు రాయకండి, ముందు ఆ లీజు కాగితం వకీలుకి చూపించండి. ఇది లాభం కోసం చేసే పని కాదు, అది ఒప్పుకోగలిగితేనే మొదలుపెట్టండి.

సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు) ఉంది కదా, ఇదంతా ఎందుకు?

మడ సీఆర్‌జడ్-1ఏ కిందకి వస్తుంది, నిజమే. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996లోనే గట్టి తీర్పు ఇచ్చింది, అదీ నిజమే. కానీ సీఆర్‌జడ్ నోటిఫికేషన్ 1991లో ఒకలా, 2011లో ఒకలా, 2019లో ఒకలా ఉంది. పైనుంచి రాసినది పైనుంచే మారుతుంది. మీ రిజిస్టర్డ్ పత్రం అలా మారదు. లంకలో వేప తోపుకైతే సీఆర్‌జడ్ చాలాచోట్ల వర్తించదు కూడా. ప్రభుత్వం భూసేకరణ చేస్తే మాత్రం ఏ పత్రమూ ఆపలేదు.

ఏరు కోసేస్తే?

ఈజ్‌మెంట్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం రెండిట్లో ఏదో ఒక భూమి పూర్తిగా నాశనమైతే ఈజ్‌మెంట్ కూడా పోతుంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే సముద్రం కోసుకుపోయిన బాట. సగం పోతే మిగతా సగం మీద హక్కు ఉంటుందని పత్రంలో రాసుకోండి.

రాసిన పదేళ్ళకి ఎవరైనా తవ్వడం మొదలుపెడితే?

హక్కు ఉన్న పక్క రైతు సివిల్ కోర్టుకి వెళ్ళి ఇంజంక్షన్ (పని ఆపమనే ఆర్డరు) తెచ్చుకోవాలి, ఈజ్‌మెంట్స్ చట్టం 35వ సెక్షన్ దానికే. ఇక్కడ ఆలస్యం చేస్తే పని జరగదు. తవ్వేశాక ఇచ్చే ఆర్డరుతో చెట్లు తిరిగి రావు. పొక్లెయిన్ గట్టు మీదకి రాకముందే, కాలువ మూతి దగ్గర మట్టి దింపిన రోజే ఫోటోలు, వీడియో తీసి వకీలుకి పంపండి. అందుకని ఏటా సంక్రాంతికి అందరూ ఊళ్ళో ఉన్నప్పుడు ఒకసారి హద్దులన్నీ తిరిగి, పాత ఫోటోలు తీసిన చోటే మళ్ళీ ఫోటోలు తీసి, తేదీ వేసి పత్రంతో పాటు పెట్టండి. కోర్టులో తాత్కాలిక ఆర్డరు అడిగేటప్పుడు జడ్జిగారి ముందు పెట్టడానికి ఆ ఫోటోలే చేతిలో ఉంటాయి.